నేను చెప్పని ఒక్క కంప్లైంటు

ఏడేళ్ళుగా ఒక విషయం నా లోపల కూర్చుని ఉంది. అన్నం తింటున్నప్పుడు ఉంటుంది. పాఠం చెబుతున్నప్పుడు ఉంటుంది. పెళ్ళిళ్ళలో నలుగురితో కలిసి నవ్వుతున్నప్పుడు కూడా ఉంటుంది. నా భార్యకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మార్చాను. మిగిలింది జరిగినది జరిగినట్టే.

నేను కోడేరు దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో భౌతిక రసాయన శాస్త్రాలు చెబుతాను. ఇల్లు నాగర్‌కర్నూల్‌లో. ఏ సబ్జెక్టు చెబుతానన్నది ఎందుకు రాశానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

అప్పట్లో నాకొక పెట్రోల్ కారు ఉండేది. స్టేషన్ వ్యాగన్ అంటారు కదా, వెనక డిక్కీ పొడుగ్గా ఇంటి వరండాలా ఉండే రకం. చిన్నదే. మాలాంటి వాళ్ళకు అందే ధరలో దొరికేది. నేను కొన్నది కూడా సెకండ్ హ్యాండే. నాకంటే ముందు ఎవరు నడిపారో, వెనక నుంచి దాన్ని ఏ లారీ గుద్దిందో నాకు తెలియదు. వెనక రంగు కాస్త తేడాగా ఉందని మాత్రం కొన్నాక గమనించాను.

నాకు ఆ కారంటే ఇష్టం. ఆ మాట దాచను. వెనక సీటు మడిస్తే నాలుగు వేరుశనగ బస్తాలు, పైన గ్యాస్ సిలిండరు, ఇంకా చోటు మిగిలేది. మైలేజీ బాగా ఇచ్చేది. ఎత్తు తక్కువ కాబట్టి మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారు కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేది.

అయితే వనపర్తిలో మా అత్తగారింటికి వెళ్ళినప్పుడల్లా నా భార్యకు తలనొప్పి వచ్చేది. పాప వాంతి చేసుకునేది. "నీకు కారు పడదు" అనేవాణ్ణి. నిమ్మకాయ వాసన చూడమనేవాణ్ణి. అద్దాలు దించితే ఇద్దరూ తేరుకునేవాళ్ళు. అద్దాలు దించితే తేరుకుంటున్నారంటే అర్థం ఏమిటని సైన్సు చెప్పే నాకు తట్టలేదు. ఒకసారి ముసురులో అద్దాలన్నీ ఎక్కించుకుని వస్తుంటే పాప వెనక నిద్రపోయింది. ఇంటి ముందు ఆపి ఎంత లేపినా లేవలేదు. చెంపల మీద నీళ్ళు కొడితే, చాలాసేపటికి కళ్ళు తెరిచి నన్ను గుర్తు పట్టనట్టు చూసింది.

మర్నాడు పెబ్బేరులో ఒక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను డిక్కీలో పరిచిన మ్యాటు లేపాడు, స్టెప్నీ టైరు తీశాడు, టార్చి వేశాడు. అడుగున రేకు తుప్పుపట్టి చిల్లులు పడి ఉంది. సరిగ్గా దాని కిందే సైలెన్సర్ గొట్టం పగిలి ఉంది.

"సార్, పొగంత లోపలికే గుంజుతుంది. గిట్ల అద్దాలు మూసి పిల్లల్ని తిప్పుతున్రా?" అన్నాడు.

రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలన్నాడు, గొట్టం మార్చాలన్నాడు. మూడు దినాలు బండి విడిచిపెట్టి పొమ్మన్నాడు. పరీక్షల కాలం, కారు లేకపోతే కష్టమన్నాను. అప్పటికి ఏదైనా చెయ్యమన్నాను. చిల్లుల మీద పుట్టీ మెత్తి, పైన ఒక రబ్బరు ముక్క అంటించాడు. "ఎండకు ఊడిపోతది సార్, మళ్ళ తీసుకరాన్రి" అని రెండుసార్లు చెప్పాడు.

నేను మళ్ళీ తీసుకెళ్ళలేదు. ఎందుకు? ఈ ప్రశ్న నాకు నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. డబ్బు లేక కాదు. తీరిక లేకా కాదు. నా కూతురికి హాని చేయబోయిన ఆ కారంటే ఒక్కసారిగా రోత పుట్టింది. దాన్ని చూడాలనిపించలేదు, బాగు చేయించాలనీ అనిపించలేదు, ఎంత తొందరగా నా ఇంటి ముందు నుంచి పోతే అంత మంచిదనిపించింది. నా ఇంటి ముందు నుంచి పోయి ఎవరి ఇంటి ముందు ఆగుతుందో మాత్రం ఆలోచించలేదు. కాదు, ఇది కూడా అబద్ధమే. ఆలోచించాను. ఆలోచించి వదిలేశాను. ఇంట్లో మాత్రం బాగైపోయిందని చెప్పాను.

నాగేంద్ర గద్వాల నేతగాడు. నా భార్య అతని దగ్గర చీరలు కొనేది, అలా పరిచయం. నేసిన చీరల మూటలు హైదరాబాదు షాపులకు బస్సులో మోసుకెళ్ళేవాడు. కారు అమ్ముతున్నానని తెలిసి ఒక ఆదివారం వచ్చాడు. తల్లిని కూడా వెంట తెచ్చాడు. ఈరమ్మ అనుకోండి. డెబ్బై దాటిన మనిషి. జీవితమంతా మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టీ చుట్టీ నడుము పోయింది. పది నిమిషాలు కూర్చుంటే చాలు, పడుకోవాల్సిందే. హైదరాబాదులో నడుముకు వైద్యం చేయిస్తున్నారు. బస్సులో ఆమెను తీసుకెళ్ళడం నరకంగా ఉందన్నాడు.

వెనక సీటు మడిచి చూపించాను. ఆమె మెల్లగా ఎక్కి, పక్కకు తిరిగి పడుకుంది. కొంగు తల కింద పెట్టుకుంది.

"మా ఇంట్ల మంచం కంటె మంచిగుంది సారూ" అంది నవ్వుతూ.

ఆమె తల ఎక్కడ ఉందో చూశాను. కచ్చితంగా ఎక్కడ ఉందో చూశాను. దాని కింద మ్యాటు, మ్యాటు కింద రబ్బరు ముక్క, దాని కింద పుట్టీ.

నాగేంద్ర నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, మీరు నాలుగేండ్లు నడిపిన్రు. ఏం మంచిగుంటది, ఏం సతాయిస్తది, జర ఉన్నదున్నట్టు చెప్పున్రి. నాకు బండ్ల గురించి ఏం తెల్వదు. మీరు పంతులు, మీ మాట మీదనే తీసుకుంట."

"ఏసీ గుంజదు నాగేంద్రా" అన్నాను. "స్పీడ్ బ్రేకర్ల కాడ కింద తాకుతది. వెనక వైపరు పని చేయదు. ఎడమ అద్దం సగంల ఆగుతది, చేత్తోని ఎత్తాలె. మిగిలింది మంచి బండి."

"అంతేనా? ఇంకేం కంప్లైంటు లేదు గద సార్?"

"ఇంకేం లేదు."

అదీ జరిగింది. నేను మౌనంగా ఉండిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. చిన్న చిన్న లోపాలన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాను. నిజాయితీపరుడిలా. ఆ చిన్నవి చెప్పింది పెద్దదాన్ని కప్పడానికేనని, నోరు తెరిచినప్పుడే నాకు తెలుసు. అతని ముఖం వెలిగింది. "గిట్ల అన్ని చెప్పి అమ్మేటోళ్ళు ఎవరున్నరు సార్" అన్నాడు. నా భార్య లోపలి నుంచి టీ తెచ్చింది. ఈరమ్మ పడుకునే తాగబోయి, నా భార్య వద్దంటే లేచి కూర్చుంది.

ఆ సాయంత్రమే కారు వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఫోను మోగితే ఉలిక్కిపడడం మొదలైంది. ఎండాకాలంలో నాగేంద్ర ఫోన్ చేసి "బండి బంగారం సార్" అన్నాడు. ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాను. బాగున్నారన్నాడు. నిజంగా అడగాల్సిన ప్రశ్న వేరు. తలనొప్పి వస్తోందా, అద్దాలు దించే నడుపుతున్నారా, వెనక ఎవరు పడుకుంటున్నారు? నోటి దాకా వచ్చి ఆగిపోయేది. ఎండలు ముదిరాయి. పుట్టీ ఊడుతుందన్న మాట గుర్తొచ్చేది. తర్వాత వానలు మొదలయ్యాయి. బయట చినుకు పడితే చాలు, గద్వాలలో ఎవరో కారు అద్దాలు ఎక్కిస్తున్నట్టు అనిపించేది.

అది ముసురు పట్టిన వారం. మధ్యాహ్నం బడిలో ఉండగా నా భార్య ఫోన్ చేసింది. నిన్న సాయంత్రం ఈరమ్మ చనిపోయిందట.

గద్వాల వెళ్ళేసరికి ఆమెను ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. నాగేంద్ర నన్ను పట్టుకుని ఏడ్చాడు. హైదరాబాదు నుంచి వస్తున్నారట. దారంతా వాన. అద్దాలు మూసే వచ్చారు. కొత్తకోట దగ్గర అతనికి తల బరువెక్కి, కళ్ళు తిరిగినట్టయి, దిగి టీ తాగాడు. తల్లిని లేపితే "నిద్రొస్తుంది బిడ్డా, లేపకు" అందట. బీచుపల్లి వంతెన దాటాక ఒకసారి పిలిచాడు. పలకలేదు. నిద్రలో ఉందనుకున్నాడు. ఇంటి ముందు ఆపి లేపితే లేవలేదు. దవాఖానలో గుండె ఆగిందన్నారు. ఆ వయసు మనిషి, ఎవరికీ అనుమానం రాలేదు.

"మీ పుణ్యం సార్. బస్సులైతే ఎంత గోసపడేదో. మంచిగ పండుకొనే పోయింది" అన్నాడు.

ఆడవాళ్ళు ఆమె ముఖం చూసి మాట్లాడుకుంటున్నారు. ఎంత కళగా ఉందో, చెంపలు ఎట్ల ఎర్రగా ఉన్నాయో, పెళ్ళికూతురి లెక్కుంది అంటున్నారు. నేను చూశాను. నిజంగానే ఎర్రగా ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి పోయినవాళ్ళ ఒళ్ళు ఒక్కోసారి ఎర్రబడుతుందని ఏనాడో చదువుకున్నాను. ఆ ఇంటి ముందు నిలబడ్డ అంతమందిలో ఆ ఎరుపుకు ఇంకో అర్థం ఉండొచ్చని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. దండ వేశాను. దండం పెట్టాను. వెనక్కి వచ్చి నిలబడ్డాను.

కారు గోడ పక్కన ఉంది. వాన వస్తోందని నాగేంద్ర కూతుళ్ళిద్దరూ అందులో కూర్చుని ఆడుకుంటున్నారు. ఇంజన్ ఆపే ఉంది. అయినా పరుగెత్తి వెళ్ళి తలుపు తీశాను. పిల్లలు బెదిరిపోయి నన్ను చూశారు.

పదోరోజు దాటగానే మళ్ళీ వెళ్ళాను. సైలెన్సర్ ఏదో చప్పుడు చేస్తున్నట్టుంది, నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, చూపించి తెస్తానన్నాను. నాగేంద్ర వద్దంటున్నా తాళాలు తీసుకున్నాను. పెబ్బేరు దాకా అద్దాలన్నీ దించి నడిపాను. అదే మెకానిక్. మ్యాటు లేపి టార్చి వేశాడు. పుట్టీ పొడిపొడిగా రాలిపోయి ఉంది. కిందికి చూస్తే నేల కనబడుతోంది.

"సార్, అమ్మినప్పుడు ఆయనకు చెప్పిన్రా?" అన్నాడు.

"చెప్పిన" అన్నాను.

మూడు రోజులు పట్టింది. అంతే. మూడే రోజులు. కొత్త రేకు, కొత్త గొట్టం. కారు తిరిగి ఇచ్చాక ఓ వారానికి నాగేంద్ర ఫోన్ చేశాడు. "సార్, ఏం చేయించిన్రో ఏమో, బండి నడిపితే ఒకటే తలనొప్పి ఉండేది. మగ్గం మీద కండ్లు పెట్టి పెట్టి వచ్చిందనుకున్న. ఇప్పుడు అస్సలే లేదు." నేను సంతోషమన్నాను. ఫోను పెట్టేసి బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఏడాదీ ఆ పాఠం వస్తుంది. ఇంధనం నిండుగా మండకపోతే ఏం పుడుతుందో చెప్పాలి. రంగు లేదు, వాసన లేదు అని చెప్పాలి. ఒక సంవత్సరం ముందు బెంచీ అమ్మాయి లేచి, "మరి అది ఉందని ఎట్ల తెలుస్తది సార్?" అని అడిగింది. బోర్డు వైపు తిరిగి, రాసిన సమీకరణాన్నే మళ్ళీ రాశాను.

నాగేంద్రకు ఎందుకు చెప్పలేదంటారా? చెబితే నన్ను క్షమించకపోవడమే కాదు, తనను తాను కూడా క్షమించుకోలేడు. ఆ రోజు స్టీరింగ్ పట్టుకున్నది అతను. తల తిరిగినప్పుడు తాను దిగి గాలి పీల్చుకుని, తల్లిని అందులోనే వదిలిన మనిషి. ఆ సంగతి అతనికి తెలియకుండా ఉండడమే మేలు కదా? ఏళ్ళ తరబడి ఈ మాట నాకు నేను చెప్పుకున్నాను. దయలాగే వినిపిస్తుంది. కానీ అతని మీద దయ ఉన్నవాణ్ణయితే ఆ ఆదివారమే నోరు తెరిచేవాణ్ణి. ఇది భయం. ఇన్నాళ్ళూ దానికి దయ అని పేరు పెట్టుకున్నాను.

పోయిన నెల అతను మళ్ళీ ఫోన్ చేశాడు. పెద్ద బండి కొంటున్నాడట, దీన్ని అమ్మేస్తున్నాడట. "కొనేటోళ్ళకు మీలెక్కనే అన్ని చెప్పి అమ్ముత సార్. మీరే నేర్పిన్రు నాకు" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. అందుకే కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈరమ్మను ఆ పొగే చంపిందా? ఖాయంగా చెప్పలేను. ఎవరూ పరీక్ష చేయలేదు, ఇక చేయలేరు. నిజంగానే గుండె ఆగిందేమో. ఆ 'ఏమో'ను పట్టుకుని ఏడేళ్ళు బతికాను. కానీ ఆమె తల ఎక్కడ పెట్టిందో చూసి కూడా, ఏమీ లేదన్నాను. దీనిలో మాత్రం ఏ అనుమానమూ లేదు.

మధ్యాహ్నం మూడైంది. పక్క గదిలో నా భార్య నిద్రపోతోంది. ఈ కాగితాలు ఆమెకు చూపిస్తానో లేదో, గద్వాల వెళ్తానో లేదో మీకు మాట ఇవ్వలేను. నా మాట విలువేమిటో ఇప్పుడు మీకు తెలుసు. రాయడం మొదలుపెట్టినప్పటి కంటే ఛాతీలో పట్టు కొంచెం వదిలింది. ఆ హాయి నాకు దక్కాల్సింది కాదు. అయినా వద్దనలేకపోతున్నాను.