ముగ్గు తొక్కే కారు

మా ఇంటి ముందు ముగ్గును మేం పందెం వేసుకోకముందే నా కారు మూడుసార్లు తొక్కింది. మొదటిసారి మా ఆవిడ కారులోనే ఉంది, నవ్వింది. రెండోసారి కూడా కారులోనే ఉంది కానీ నవ్వలేదు. దిగి, తలుపు గట్టిగా వేసి లోపలికి వెళ్ళింది, అంతే, మళ్ళీ ఎక్కలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు మూడోసారి తొక్కింది. ఆ పొద్దున ఆమె ముగ్గు చిప్ప పట్టుకుని ఆ ముగ్గు పక్కనే నిలబడి ఉంది. రెండడుగులు వెనక్కి వేసింది కాబట్టి సరిపోయింది.

నేను తిరుపతిలో పళ్ళ డాక్టర్ని. పాతికేళ్ళు జనం నోళ్ళలోకి తొంగిచూసి విసుగెత్తి, నాకంటూ ఒక సరదా ఉండాలని ఈ కారు కొన్నాను. ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. ఇంగ్లండులో పుట్టి, చెన్నైలో ముసలిదై నా దగ్గరికి చేరింది. వయసులో నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి దాని గురించి నేను మర్యాదగానే మాట్లాడతాను. మా ఆవిడకు ఆ పట్టింపు లేదు. "పళ్ళూడిన ముసిల్దాన్ని తెచ్చి వాకిట్లో పెట్టినారు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెబుతుంది. పళ్ళ డాక్టర్ పెళ్ళాం నోట ఆ మాట వింటే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఆమెది చిత్తూరు. మా ఇంట్లోకి కొత్త వస్తువు ఏది వచ్చినా, అది మిక్సీ కానీ, ఫ్రిజ్ కానీ, నా క్లినిక్‌లో రోగుల కుర్చీ కానీ, పసుపు కుంకుమ పెట్టందే వాడనివ్వదు. ఊరికే పెడితే కుంకుమ రాలిపోతుందట. ముందు నువ్వుల నూనె అద్ది, దాని మీద పెట్టాలి. అది ఆమె పుట్టింటి పద్ధతి. ఈ కారుకు మాత్రం పెట్టలేదు. "దీనికి కుంకం గూడా దండగ" అనేసింది.

మా వీధి మా గేటు దగ్గరికి వచ్చేసరికి కాస్త పల్లం. అక్కడ అందరి కార్లూ ఆగుతాయి. నాది బ్రేకు పెడల్ మీద లేచి నిలబడినంత పని చేస్తే, కాసేపు ఆలోచించి ఆగుతుంది. ఆ ఆలోచన తేలడం ఆలస్యమైన రోజు ముగ్గు మీద ఉంటాం.

తడ దాటి తమిళనాడు వైపు ఉండే పెద్దమనిషి ఒకాయన, కారు అమ్ముతారా అని నెలకోసారి నాకు ఫోన్ చేస్తుంటాడు. మూడోసారి ముగ్గు తొక్కిన రోజే ఆయన ఫోన్ వచ్చింది. మా ఆవిడ నా చేతిలోంచి లాక్కుని, "వచ్చే ఆదివారం పది గంటలకు ఈ నంబరుకు చెయ్యండన్నా, ఏ సంగతో తేల్చి చెప్తా" అని తన నంబరు ఇచ్చి పెట్టేసింది. తర్వాత నావైపు తిరిగింది.

"సూడండి. ఆదివారం పొద్దున ముగ్గు ఏస్తా. మీ కారు దాన్ని తొక్కకుండా నిలిసిందనుకోండి, ఆ పొద్దే దాంట్లో కూసోని మా అమ్మోళ్ళింటికి వస్తా. తొక్కిందా, ఆయన్ని వచ్చి తోలుకోని పొమ్మంటా."

కారు పోతుందన్న భయం ఉంది, లేదనను. కానీ రెండేళ్ళుగా నన్ను బాధపెట్టింది పక్కన ఖాళీగా ఉన్న ఆ సీటు. రెండు సీట్ల కారు కొన్నది ఆ రెండో సీటులో ఆమె కూర్చుంటుందనే. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు. అంటే ఎగతాళి చేస్తుంది.

రేణిగుంట రోడ్డులో నాకు తెలిసిన ముసలి మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ముందు చక్రం విప్పి లోపలికి చూశాడు.

"బ్రేకు ప్యాడ్లు అరిగి ఇనప రేకు కనపడతా ఉండాది సార్. ఊళ్ళోవాళ్ళ పళ్ళన్నీ సూస్తారు, ఇవి సూడరా?"

నేను చాలా రోజుల క్రితమే విదేశం నుంచి తెప్పించిపెట్టుకున్న పెట్టెను గర్వంగా తీశాను. రేసుల్లో వాడే ప్యాడ్లు. పెట్టె మీద మంటల బొమ్మ కూడా ఉంది. ఆయన ఒకటి తీసి గోటితో గీకి చూశాడు. గీత పడలేదు.

"ఇవి బాగా కాగినాకనే పట్టుకుంటాయి సార్. మీరు యాడికి పోతారు? ఇంటినుంచి క్లినిక్కు, క్లినిక్కునుంచి ఇంటికి. ఇవి కాగేలోపల మీరు ఇంట్లోకి పోయి కాఫీ తాగి ఉంటారు."

మంటల బొమ్మ చూసే కొన్నానని ఒప్పుకోవడానికి మనసు రాలేదు. వేడి తట్టుకోవాలి కదా, మొగిలి ఘాట్ దిగాలంటే మంచివే వేసుకోవాలి కదా అని వాదించాను. "మొగిలి ఘాట్ సంగతి తర్వాత సూస్తాం. ముందు మేడం ముగ్గు కాడ నిలపండి" అన్నాడు. మా ఇంటి గొడవ రేణిగుంట రోడ్డు దాకా చేరిందని అప్పుడే తెలిసింది. చివరికి మెత్తటి రకం, చల్లగా ఉన్నప్పుడే పట్టేవి, చెన్నై నుంచి తెప్పించాడు. ముందు చక్రాలకు మాత్రమే, రెండేసి చొప్పున నాలుగు. నేనే బిగించుకుంటానన్నాను. మనిషి నోట్లో చెయ్యిపెట్టి దవడ పన్ను లాగేవాడికి ఇదొక లెక్కా? ఆయన నన్ను ఎగాదిగా చూసి జాగ్రత్తలు చెప్పాడు.

"గ్రీజు తగలరాదు. నూని అయితే వాసన గూడా తగలరాదు. బిగించినాక బైపాసులో ముప్పైసార్లు మెల్లిగా నిలుపుకుంటా పోండి. కొత్తల్లో పట్టు తక్కువుంటాది, కాలే వాసన వస్తాది. భయపడబాకండి."

శనివారం మధ్యాహ్నం వరండాలో పేపరు పరిచి నాలుగు ప్యాడ్లూ వరసగా పెట్టాను. చక్రాలు విప్పి, పిన్నులు లాగి, అరిగినవి బయటికి తీశాను. పాతవి అరిగేకొద్దీ లోపలి పిస్టన్లు ముందుకు వచ్చేస్తాయి. వాటిని వెనక్కి నొక్కితే తప్ప కొత్తవి పట్టవు. వడ్రంగి దగ్గర అడిగి తెచ్చుకున్న క్లాంపుతో నొక్కుతుంటే మా ఆవిడ అన్నానికి పిలిచింది. తర్వాత తింటానంటే, "సల్లారిపోతాది, రాండి" అని మెత్తగా మళ్ళీ పిలిచింది. ఆ మెత్తదనానికే నాకు అనుమానం రావాల్సింది. నాకు వడ్డించి, ముగ్గుపిండి చూసుకోవాలని బయటికి వెళ్ళి, చాలాసేపటికి వచ్చింది.

భోంచేసి వచ్చేసరికి ప్యాడ్లు నేను పెట్టినదానికంటే చక్కటి వరసలో ఉన్నాయి. వాటి మీద లేత పసుపు ఛాయ కనిపించింది. కంపెనీవాళ్ళ రంగేమో అనుకున్నాను. నువ్వుల నూనె వాసన వచ్చింది. పప్పు తిరగమోత అనుకుని బిగించేశాను. పంటి మీద ఆవగింజంత మచ్చ ఉన్నా పట్టేసే డాక్టర్ని.

ఆదివారం పొద్దున బైపాసులో ముప్పైసార్లు ఆపాను. పట్టు తక్కువగానే ఉంది, ఆయన చెప్పినట్టే. కాలే వాసన వచ్చింది, అదీ చెప్పినట్టే. ఎవరో రోడ్డు పక్కన మురుకులు కాలుస్తున్నట్టుగా ఉందా వాసన. మనసులో గుబులుగానే ఉన్నా, పది కావస్తోందని ఇంటివైపు తిప్పాను.

గేటు ముందు కొత్త ముగ్గు. పక్కన మా ఆవిడ, చేతిలో ఫోన్. ఇంకో పక్కన మెకానిక్. న్యాయంగా ఉంటుందని ఆయన్ని ఆమే పిలిపించిందట. మెల్లగా, చాలా మెల్లగా పల్లంలోకి దిగాను. పెడల్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. రెండు కాళ్ళతో నొక్కాను. కారు తొందరేమీ లేకుండా ముగ్గు ఎక్కి, దాని నట్టనడుమ, నేను చేతి బ్రేకు లాగాక ఆగింది. వెంటనే మా ఆవిడ చేతిలో ఫోన్ మోగింది.

ఆమె ఫోన్ ఎత్తలేదు. దాన్నే చూస్తూ నిలబడింది. అది మోగి మోగి ఆగిపోయింది.

మెకానిక్ జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ విప్పాడు. ప్యాడ్లు బయటికి లాగి వాసన చూశాడు.

"ఇదేంది సార్, ప్యాడ్లకు తలంటు పోసినారా? అంతా నువ్వుల నూని!"

ప్యాడుకు మధ్యలో సన్నటి గాడి ఉంటుంది. దాంట్లోంచి వేలితో ఎర్రటి పొడి తీసి చూపించాడు. కుంకుమ. నేను తిరిగి చూస్తే మా ఆవిడ ఎదురింటి పిట్టగోడ వైపు దీక్షగా చూస్తోంది.

"నాలుగింటికీ పెట్టిండారే మేడం. రెండన్నా వదిలిపెట్టుంటే సగమన్నా నిలిసేది" అన్నాడాయన.

"పెట్టి, మళ్ళా కొంగుతో తుడిసినా గదా" అంది నెమ్మదిగా. "ఈయన సూస్తే నవ్వుతాడని."

"ఎందుకు పెట్టావు?" అన్నాను.

"ఎందుకేంది? నిలవాలని మొక్కుకోని పెట్టినా. రెండేండ్లుగా చిత్తూరికి బస్సులో పోతాండా. ఆ సీట్లో కూసోవాలని నాకు మాత్రం ఉండదా?"

పందెం కాసింది ఆమె. గెలవాలని నాకోసం మొక్కిందీ ఆమే. నన్ను ఓడించిందీ ఆమే. ఏడిపించడానికి జీవితంలో ఇంత మంచి అవకాశం మళ్ళీ రాదని తెలుసు. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తింది.

"అన్నా, అమ్మేది లేదన్నా. బ్రేకులు పట్టని కారు మీకిస్తే మాకు పాపం తగలదా?"

నూనె తాగిన ప్యాడ్లు పనికిరావన్నాడు మెకానిక్. మళ్ళీ నాలుగు తెప్పించి, మా ఇంటికి పంపకుండా తన షాపులోనే బిగించాడు. నేను కూడా ఆయనకు రెండడుగుల దూరంలోనే నిలబడాల్సి వచ్చింది.

తర్వాతి ఆదివారం బైపాసు నుంచి వచ్చి, గేటుకు ఇంకా రెండు గజాలు ఉండగానే బుద్ధిగా ఆపాను. తీరా చూస్తే ఎప్పుడూ వీధి సగం దాకా పరుచుకునే ముగ్గు ఆ రోజు చేటంతే ఉంది. అది కూడా గేటు లోపల, మెట్టుకు ఆనుకుని. కారు దాన్ని తొక్కాలంటే ముందు గేటు విరగ్గొట్టాలి.

మా ఆవిడ పట్టుచీర కట్టుకుని, చేతిలో నూనె గిన్నె, కుంకుమ భరిణ పట్టుకుని బయటికి వచ్చింది. కారు ముందు కాసేపు తటపటాయించి, ఎర్ర రేకు మీద ఒకచోట వేలు పెట్టి చూపించింది.

"ఈడ పెట్టొచ్చునా?"