గులివింద తోక

‘వలకు చిక్కిన వింత చేప’ అనే శీర్షికను పత్రిక ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్నిసార్లు పెట్టానో చెప్పలేను. హార్బర్ నుంచి విలేకరి ఫొటో పంపేవాడు. డెస్కు వెనకాల ఇనుప బీరువాలో ఈ తీరపు చేపలు, పక్షులు, పాముల మీద లావుపాటి ఇంగ్లిషు పుస్తకాలు ఉండేవి. ఓపిగ్గా వెతికితే ఆ వింత చేప వాటిలో ఎక్కడో కనిపించేది. తరచూ దొరికేదేనని కూడా పక్కన రాసి ఉండేది. ఆ సరికి పేజీ ప్రెస్సుకి వెళ్లిపోయేది.

రిటైరయ్యాక కూడా అలాంటి పుస్తకాలు తిరగేసే అలవాటు పోలేదు. సీతమ్మధారలో మా ఎదురింటావిడ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వీధంతా ఆవిడను మేడమ్ అనే పిలుస్తుంది. వాళ్ల నాన్నగారు పోర్టులో ఉద్యోగానికి కృష్ణా జిల్లా నుంచి వచ్చారట. ఆవిడ ఇక్కడే పుట్టి, ఇక్కడి చేపలే తిని పెరిగారు. ఇప్పుడు విశాఖ తీరంలో దొరికే చేపల మీద తెలుగులో ఒక పుస్తకం రాశారు. చేతిసంచిలో పట్టేంతది. పేజీకో చేప, దాని ఫొటో, గుర్తుపట్టే ఆనవాళ్లు.

వాక్యాలు సరిచూడటం నా పని. పొద్దున్నే వాళ్ల వరండాలో కూర్చుని, కాఫీ తాగుతూ ఆ కాగితాలు దిద్దడం కంటే సుఖమైన పని నాకీ మధ్య దొరకలేదు. పత్రిక అలవాటు కొద్దీ నేను ‘సాధారణంగా’ అన్న మాట కనబడితే కొట్టేసేవాణ్ని. ఆవిడ మళ్లీ రాసేవారు.

“చేపలు మీ పేపరు చదవవండీ. ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది” అనేవారు.

అన్ని పేజీలూ పూర్తయ్యాయి, గులివిందది తప్ప. గడ్డం కింద రెండు మీసాలతో, ఎర్రగా, చిన్నగా ఉంటుందా చేప. పూర్ణా మార్కెట్లో ఎప్పుడు వెళ్లినా కనిపించేదే. దాంట్లో రకాలున్నాయి. ఏ రకమో చెప్పాలంటే తోక మీది చారలు చూడాలి. మేడమ్ తీసిన ఫొటోల్లో ఒక్కదానికీ తోక సరిగ్గా లేదు. ఇంటర్నెట్లో దొరికేవేమో వేరే సముద్రాలవి. వాటిని వాడటానికి ఆవిడ ససేమిరా అన్నారు. పేజీలు కూర్చే డీటీపీ ఆయన శనివారం అన్నీ ప్రెస్సుకి పంపేస్తానన్నాడు. అప్పటికి ఫొటో అందకపోతే ఆ పేజీ తీసేయడమే.

“అందరూ తినే చేప లేకుండా చేపల పుస్తకమేమిటండీ?” అన్నారు మేడమ్ దిగులుగా.

మా వీధికి చేపలు తెచ్చే ఆమెది జాలరిపేట. తోక కోయని గులివిందలు కావాలని ఆమెకు చెప్పి పెట్టాం. గురువారం తెచ్చింది. మేడమ్ వాళ్ల గేటు దగ్గర బేసిన్ దించి, కత్తిపీట వాల్చింది. మేడమ్ కెమెరా కోసం లోపలికెళ్లారు. ఈమె మా ఆవిడ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని నన్ను అడుగుతూనే ఒక చేప తీసి, రెక్కలూ తోకా కోసి పక్కన పెట్టింది. తర్వాత ఇంకోటి. ఏళ్ల తరబడి చూస్తున్న పనే కాబట్టి నాకూ ఏమీ తట్టలేదు. జవాబు చెబుతూ చూస్తున్నాను. మేడమ్ వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

“తోకలేవీ?”

“సూసుకోనేదమ్మా. నోరు ఈ బాబుతో మాటాడతంటే సేతులు వాటి పని అవి సేసుకుపోనాయి.”

“కోయొద్దని చెప్పానుగా?”

“నాకు సెప్పినారు. సేతులకి సెప్పనేదు గదా. అయినా ఈ బాబు పేపర్లో పన్జేసినారంట. కళ్ల ముందు కోత్తంటే సూత్తా కూకున్నారు. ఆయన్నడగరేటి?”

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. అయినా ఆశ చావక, తెగిన తోకల్ని చేపల పక్కన పేర్చి చూశారు. ముడుచుకుపోయిన ఆ ముక్కల్లో చారలు ఏవీ కంటికి ఆనలేదు.

శుక్రవారం ఆమె రాగానే కత్తిపీట తీసుకెళ్లి మా వరండాలో పెట్టేశాను.

“నా కత్తిపీట జప్తు సేసినారు సూడండమ్మా” అంది.

తెల్లటి బకెట్టు మూత మీద చేపను పడుకోబెట్టాం. తోక విప్పి వదిలితే మళ్లీ మూసుకుంటోంది. గుండుసూదులు ప్లాస్టిక్కులో దిగలేదు. ఎండ తగిలేకొద్దీ ఎరుపు వెలిసిపోతోంది. చివరికి ఆమే వంగి, రెండు వేళ్లతో తోకను విసనకర్రలా విప్పి పట్టుకుంది. చారలు స్పష్టంగా కనిపించాయి.

“ఫొటోలో నీ చెయ్యి పడుతోందమ్మా, కాస్త తప్పించు.”

“సెయ్యి తీత్తే తోక మూసుకుపోద్ది. ఏది కావాలో మీరే సెప్పండి.”

మేడమ్ కెమెరా దించారు. పుస్తకం మొత్తంలో ఎక్కడా మనిషి చెయ్యి లేదు. తెల్లటి జాగాలో చేప ఒక్కటే ఉండాలని ఆవిడ పెట్టుకున్న నియమం. కెమెరా మళ్లీ ఎత్తి, ఫొటో తీశారు. దాన్ని కెమెరాలో పెద్దది చేసి చారలు చూసుకున్నారు. రకం తేలిపోయింది.

“ఇదే వేద్దాం. వేళ్లని బట్టి చేప సైజు కూడా తెలుస్తుంది. కత్తిరించొద్దని డీటీపీ ఆయనకి మీరు చెప్పండి” అన్నారు నాతో.

“సేతులు ఏసి నా మొకం ఎయ్యరేటి?” అంది ఆమె.

“ఇది చేపల పుస్తకమమ్మా.”

“అవున్లెండి. మరిప్పుడు కోసీమంటారా?”

మేడమ్ ఆ చేప వంక ఇంకోసారి చూశారు.

“కొయ్యి” అన్నారు.

నేను లేచి కత్తిపీట తెచ్చిచ్చాను.