మగ్గం గుంతలో బెల్లం ముక్క

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘మచ్చ’ అనే మాట ఎవరూ పైకి అనేవారు కాదు. కాశిబుగ్గలో మాది నేతపని చేసే ఇల్లు. మా తాతయ్య వీపు మీద, మోచేతుల మీద పాలిపోయిన మచ్చలుండేవి. ఆయన చొక్కా విప్పేవాడు కాదు, దవాఖానకు పోయేవాడు కాదు. ఆయనతో పాటే మేమంతా ఒకే గదిలో పడుకునేవాళ్లం.

బడిలో నా భుజానికి సూది వేశారు. క్షయ రాకుండా వేసే బీసీజీ. కొన్ని వారాలకు అక్కడ పొక్కు లేచి, చితికి, మానాక మచ్చ మిగిలింది. తాతయ్య మచ్చ నాకూ వచ్చిందని, తెచ్చింది ఆ సూదేనని తేల్చేసుకున్నాను. అడుగుదామంటే ఆ మాటే అనకూడదు కదా!

తర్వాత ఒకరోజు అమ్మానాన్న నూలు తేవడానికి పోయినప్పుడు, నర్సమ్మ అవే సూదులు వేస్తూ మా వాడకొచ్చింది. ఆమెను చూసి తాతయ్య పెరట్లోకి జారుకున్నాడు. నేను అయిదేళ్ల మా చెల్లెల్ని మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలో కూర్చోబెట్టి, చేతిలో బెల్లం ముక్క పెట్టి, పైన చీర కప్పాను. "చెల్లె అమ్మమ్మోళ్లింటికి పోయింది" అన్నాను. ఎంత తెలివైన పని చేశానో అని మురిసిపోయాను కూడా.

ఆ తర్వాత ఏడేళ్లకు చెల్లెలి మోచేతి మీద మచ్చ తేలింది. అదే నర్సమ్మ వచ్చి, మా మగ్గం మీది నూలుపోగు ఒకటి తెంపుకొని, చెల్లెల్ని కళ్లు మూసుకొని, పోగు తగిలినప్పుడల్లా చెప్పమంది. పోగు మచ్చ మీద అటూ ఇటూ ఆడుతూనే ఉంది. "ఇంక పెడ్తలేవేంది నర్సమ్మా?" అని అడిగింది చెల్లెలు.

నర్సమ్మ వెళ్తుంటే వీధి చివరిదాకా వెంటపడి, ఏడుస్తూ గుంత సంగతి చెప్పేశాను. ఆమె కోప్పడలేదు. జాకెట్టు చెయ్యి పైకి లాగి, తన భుజం మీది మచ్చ చూపించింది. అచ్చం నాదిలాంటిదే.

"సూది ఏస్తే రాకపోవునని ఒట్టేసి చెప్పలేను బిడ్డా. గని ఈ కుష్టు రోగానికి గూడ అది జర అడ్డం పడుతది. మీ తాత మందు మింగకుంట ఇన్నేండ్లు మీ నడుమనే ఉండె. అసలు ముప్పు గదే. అప్పుడు పసిపోరివి, నీకేం తెలుసు? చెప్పకుంట దాసింది పెద్దోళ్లు" అంది.

తాతయ్య, చెల్లెలు ఇద్దరూ మాత్రలు మింగారు. రోగం నయమైంది. అప్పటికే వంగిపోయిన చెల్లెలి చిటికెనవేలు మాత్రం అలాగే ఉండిపోయింది.

పిల్లలు ఏ మాట అడిగినా నేను నోరు మూయించను. ఆ రోజు నేర్చుకున్నది అదే. అయినా మా చెల్లెలు ఇప్పటికీ నవ్వుతూ, "గుంతల కూసోబెట్టి బెల్లం పెట్టినవ్, యాదికున్నదా అక్కా?" అంటుంది. ఎందుకు కూర్చోబెట్టానో ఆమెకు నేను ఇంతవరకూ చెప్పలేదు.