కుడికి జానెడు

ఖిల్లా ఘణపూర్ దాటాక మట్టిబాటలో ఏడు కిలోమీటర్లు పోయి జీపు ఆగింది. మే నెల, పొద్దున పదకొండు. ఎక్కడా నీడ లేదు. ఎర్ర గరుసు నేల, చుట్టూ రెండు వరసల ముళ్లకంచె, లోపల ఇనుప తలుపున్న గది ఒకటి. కాలువ తవ్వకంలో బండలు పేల్చే మందుగుండు అందులో ఉండేది. దానికి కాపలా మేం ఆరుగురం. ఆరుగురం మాజీ సైనికులమే. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అంతా ఒకే జిల్లా. మందుగుండు కోసం అన్నలు వస్తారని అందరూ అనుకునే రోజులు.

మా వడ్డేపల్లిలో అందరూ నన్ను కాశ్మీరు గురించే అడుగుతారు. అడిగిన ప్రతిసారీ చెప్పాను. ఘణపూర్ సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

డ్యూటీ ఎనిమిది గంటలు. ఇసుక బస్తాలు పేర్చిన మోర్చాలో ఇద్దరేసి. ఒక టార్చి, ఒక వాకీటాకీ, నీళ్ల క్యాను. తుపాకీ ఎవరిది వారు తెచ్చుకోవాలి, ఎవరి లైసెన్సు వారిది. తలా పది తూటాలు కంపెనీ ఇచ్చేది. ఒక్కో తూటాలో ఆరు పెద్ద గుండ్లు.

నా జోడీ ఖాదర్. మానవపాడు మనిషి. నాకంటే రెండేళ్లు పెద్ద, ఫిరంగి దళంలో పదిహేడేళ్లు చేశాడు. పక్షవాతంతో మంచం పట్టిన అన్న, అన్న పిల్లలు, తన పిల్లలు, అందరూ ఒకే ఇంట్లో. వాన పడితేనే పండే నాలుగెకరాలు. ఆ ఇంటికి నికరంగా వచ్చేది ఖాదర్ జీతమే. పాత తుపాకీ విరిగితే ఈ ఉద్యోగం కోసమే కొత్తది కొన్నాడు. ఒంటి నాళం, పంపు తుపాకీ. ముందు గురిముల్లు, వెనక గురిచూసే ఆకు, రెండూ ఉన్నాయి. రోజూ సాయంత్రం దాన్ని నూనెగుడ్డతో తుడిచేవాడు.

జూన్ మొదటి వారంలో సెక్యూరిటీ ఆఫీసరు పరీక్షకు వచ్చాడు. పాత క్వారీలో మట్టికట్టకు ఆనించి ఒక చెక్క. చెక్క మీద దాని వెడల్పంతా పట్టే జానెడున్నర వలయం. ముప్పై గజాల దూరం, రెండు తూటాలు. పన్నెండు గుండ్లలో ఆరు వలయంలో పడాలి. పడకపోతే ఇరవై రోజులకు మళ్లీ పరీక్ష. అప్పుడూ పడకపోతే ఇంటికి.

ఖాదర్‌వి రెండు పడ్డాయి.

మా జమాదారు నాగర్‌కర్నూల్ వాడు, నోరు ఊరుకోదు. "ఏంది ఖాదర్, పందికి గురి పెడితే పటేలు బర్రెకు తగిలేటట్టుంది."

"కొత్త తుపాకి గద జమాదార్ సాబ్. జర దోస్తీ కావాలె."

"దోస్తీ అయ్యేదాంక దొంగలు ఆగుతరా?"

అందరం నవ్వాం. ఖాదర్ కూడా నవ్వాడు. మోర్చాకు వచ్చాక తుపాకీని మళ్లీ తుడిచాడు. తర్వాత అడిగాడు.

"అన్నా, నువ్వు ఆయుధాల మరమ్మత్తు చేసినోనివి. నా తుపాకి గిట్ల ఎందుకు జేస్తుంది?"

నాకంటే పెద్దవాడైనా, ర్యాంకులో నేను హవల్దారునని అన్నా అనే పిలిచేవాడు.

"తుపాకి ఏం జేస్తది భాయ్. కండ్లు చూపించుకో."

అలా ఎందుకన్నానో చెప్పాలి. ఖాదర్ ఉర్దూ పేపరును చేయి చాపి దూరంగా పట్టుకుని చదివేవాడు. అది చూశాను. చదివే చూపు వేరు, గురి చూపు వేరు. ఆ తేడా నాకు తెలుసు. కానీ సైన్యంలో మొదటి నెలలోనే మాకు నూరిపోసిన మాట ఒకటుంది: ఆయుధానికి తప్పుండదు, సిపాయికే ఉంటుంది. తొమ్మిదేళ్లు మరమ్మత్తు బల్ల ముందు కూర్చున్నాను. సైన్యంలో గురి సరిచూడకుండా ఏ రైఫిలూ సిపాయి చేతికి వెళ్లదు. దుకాణంలో కొన్న తుపాకీకి ఆ పని ఎవరూ చేయరు. ఖాదర్ తుపాకీని నేను కాల్చి చూడలేదు. ఒకరి లైసెన్సు తుపాకీ మరొకరు ముట్టకూడదన్నది నియమం. అది మంచి సాకు అయింది.

ఖాదర్ వనపర్తిలో కంటి క్యాంపుకు వెళ్లాడు. కుడికంట్లో పొర మొదలైందని డాక్టరు చెప్పాడట. తొందర లేదు, ఏడాది ఆగవచ్చు అన్నాడట. "ఆగితే నౌకరీ ఆగదు గద" అని ఖాదర్ బతిమాలి ఆపరేషన్ చేయించుకున్నాడు. మూడు వారాలు దుమ్ములోకి పోవద్దన్నారు. రెండో పరీక్ష అప్పటికి తొమ్మిది రోజుల్లో ఉంది. ఆరో రోజుకు డ్యూటీలో ఉన్నాడు. సెలవు ఎక్కువ తీసుకుంటే అనుమానం వస్తుందని భయం.

"గేటు నుంచి మోర్చాకు. పది నిమిషాలల్ల పేలుస్తుండ్రు. తలకాయలు లోపల పెట్టుకోండ్రి."

"సమజయింది గేటు."

రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు వాకీటాకీలో ఈ మాట. తర్వాత నేల కదిలేది, పది నిమిషాల పాటు తెల్లటి దుమ్ము. ఖాదర్ కంటికి కట్టిన ఆకుపచ్చ గుడ్డ మీద తువ్వాలు చుట్టుకుని బస్తాలకు ముఖం ఆనించి కూర్చునేవాడు. ఎనిమిదో రోజుకు కన్ను ఎర్రబడింది.

"పొయి చూపించుకో భాయ్."

"రేపు పరీక్ష అయినంక పోత."

పరీక్ష రోజు పాత చెక్క విరిగిపోయి ఉంది. దాని బదులు రెండింతల వెడల్పు రేకు నిలబెట్టారు. పొద్దున పదికి ఖాదర్ సరిచూసుకోవడానికని తన దగ్గరున్న తూటాల్లో రెండు కాల్చాడు. నేను రేకు దగ్గరికి నడిచాను. వలయంలో మూడు. మిగిలిన తొమ్మిదీ వలయానికి కుడిపక్కన, ఒకే ఎత్తులో. గుంపు నడుమ నుంచి వలయం నడుమకు జానెడు.

చూపు మందగించినవాడి గుండ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతాయి. ఈ రెండు తూటాలూ ఒకే చోటికి పోయాయి. పాత చెక్క ఇరుకైనది కావడం వల్ల పక్కకు పోయినవి మట్టిలో కలిసిపోయేవి. ఎవరూ చూడలేదు.

ఆఫీసరు మధ్యాహ్నం మూడుకు వస్తాడు.

"తుపాకి ఇటియ్యి భాయ్, జర తుడిచిస్త" అన్నాను. మేం పడుకునే గుడిసెలోకి తీసుకెళ్లి ఇసుక బస్తాల మధ్య బిగించాను. నాళం మూతి నడుమ నుంచి వెనకదాకా దారం లాగి కట్టాను. వెనక ఆకు తన గాడిలో కుడికి జరిగి ఉంది, దాదాపు రెండు బియ్యపు గింజల మందం. ముందు ముల్లు ఎడమకు వాలి ఉంది. రెండు తప్పులూ కలిసి గుండును కుడికే తోస్తున్నాయి. ఇత్తడి పుల్ల ఆనించి చిన్న సుత్తితో ఆకును ఎడమకు కొట్టాను. ముల్లును చెక్క పెట్టి నిలబెట్టాను. మళ్లీ దారం చూశాను. జరగకుండా గాడి అంచును ఒక్క దెబ్బతో నొక్కాను. మొత్తం నలభై నిమిషాల పని. ఇరవై రోజుల కింద చేసినా నలభై నిమిషాలే పట్టేది.

పరీక్ష కాగానే చెప్పాలనుకున్నాను.

ఖాదర్ మూడుంపావుకు కాల్చాడు. కుడికన్ను సగం మూసుకుపోయి ఉంది, చెంప మీద పసుపు తడి. రెండు తూటాలు. వలయంలో తొమ్మిది. ఆఫీసరు కాగితం మీద సంతకం పెట్టి జీపు ఎక్కాడు. జమాదారు వీపు తట్టాడు. ఖాదర్ నా వైపు వచ్చి, "చూసినవా అన్నా? ఆపరేషన్ పనిచేసింది" అన్నాడు.

నేను నూనెగుడ్డ తీసి అతని తుపాకీ తుడవడం మొదలుపెట్టాను.

మరునాడు హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్లాం. ఆలస్యమైందన్నారు. పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. కనుగుడ్డు మిగిలింది, చూపు పోయింది. కుడికన్ను లేనివాణ్ని కంపెనీ పెట్టుకోలేదు.

నేను మరో పది నెలలు మోర్చాలో ఉన్నాను. అన్నలు రాలేదు. మందుగుండు గది మీద ఎవరూ రాయి కూడా వేయలేదు. కాలువ ముందుకు జరిగింది, మా కాపలా ఎత్తేశారు. ఇంటికి వచ్చే దారిలో మానవపాడులో దిగాను. చెప్పి తీరాలనే దిగాను.

ఖాదర్ ఇంటి అరుగు మీద ఉన్నాడు. పక్కింటి ముసలాయన ఒకాయన ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఆయనకూ కంటిపొర వచ్చింది, ఆపరేషన్‌కు భయపడుతున్నాడు.

"పరేషాన్ కాకు చిన్నాయనా" అంటున్నాడు ఖాదర్. "నాకు దుమ్ము పడి పాడైంది గని ఆపరేషన్ మంచిగనే అయింది. అయినంక పన్నెండుల తొమ్మిది కొట్టిన. అంతకుముందు రెండే. నా మాట నమ్మకుంటే గీ హవల్దార్ సాబ్‌ను అడుగు, పక్కనే ఉండె."

నేను అతని కుడిపక్కన నిలబడి ఉన్నాను. ఆ పక్క చూపు లేదు. నా ముఖం కనబడాలంటే తల పూర్తిగా తిప్పాలి. తిప్పాడు. గడ్డం భుజానికి తగిలేదాకా తిప్పి, మిగిలిన ఒక్క కంటితో నన్ను వెతికి పట్టుకుని, సాక్ష్యం కోసం ఆగాడు.

"అవును" అన్నాను.

ఖాదర్ పోయి రెండేళ్లయింది. కాశ్మీరు మంచు కూడా ఇప్పుడు సరిగా గుర్తుకు రాదు. అలా తిరిగి ఆగిన ఆ ముఖం మాత్రం ఎటూ పోదు.