పోసినారా, మార్చినారా?

మా వైపు కార్లు కిలోమీటర్ల లెక్కన ఆయిల్ తాగవు, దసరాకు తాగుతాయి. ఏడాదికొక్కసారి ఆయుధ పూజ రోజున బండి కడిగి, బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి, గుమ్మడికాయ కొట్టి, ఆయిల్ పోయిస్తారు. ఆ తర్వాత ఆ బండి తిరుపతి దాకా తిరిగిందా, ఎండల్లో గొర్రెల మంద వెనక దుమ్ము మింగుతూ పాకిందా అని అడిగే దిక్కుండదు. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ అలవాటు నా కారు ఇంజన్‌ను మింగేసింది. మింగి, ఆ పాపం తెచ్చి నా నెత్తిన పెట్టింది.

నేను దుత్తలూరు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. కాపురం ఉదయగిరిలో. మా ఆయనకు ఊళ్లో ఎరువుల అంగడి ఉంది. బస్సు కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, విసుగెత్తి, పాత డీజిల్ కారొకటి నా జీతంతో కొన్నాను. తోలడం నేర్చుకున్నాను. మా వీధిలో స్టీరింగ్ పట్టిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. మొదట్లో గేటు దాటేటప్పుడు చూసేవాళ్లకు అదొక తమాషా. "అమ్మో, టీచరమ్మ వస్తా ఉండాది, పక్కకి జరగండ్రా" అని పిల్లకాయలు కేకలు పెట్టేవాళ్లు. నేను పట్టించుకోలేదు. ఆ తాళం చెవి చేతిలో ఉంటే నేను ఎవరికోసమూ కాచుకోనక్కర్లేదు. నాకు అది చాలు.

కారుతో పాటు వచ్చిన పుస్తకం చదివాను. మా ఇంట్లో దాన్ని తెరిచింది నేనొక్కదాన్నే. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు ఇంజన్ ఆయిల్ మార్చాలని అందులో ఉంది. దుమ్ము రోడ్లయితే ఇంకా ముందే మార్చాలట. మా రోడ్లను చూసే రాశారేమో అనుకున్నాను. రోజుకు రానూపోనూ యాభై. బడి రోజులు లెక్కేస్తేనే పదివేలు దాటుతుంది. ఆదివారం పెళ్లిళ్లు, పేరంటాలు సరేసరి.

"ఏమండీ, ఆయిల్ మార్చాల్నంట" అన్నాను ఒకరోజు మా ఆయనతో.

"దసరాకి పోయించినా కదా."

"దసరా అయి ఏడు నెలలైంది. దుమ్ములో తిరిగే బండికి ముందే మార్చాలని పుస్తకంలో ఉండాది."

ఆయన బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే కడ్డీ బయటికి లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆయిల్ రుద్ది, వాసన చూశాడు. నెయ్యి బేరం చేసేవాడి వాలకం. "నిండుగా ఉండాది. జిగట కూడా పోలే. వాళ్ల డబ్బాలు అమ్ముకునేదానికి రాసుకుంటారు పుస్తకాలు. నువ్వు పిల్లకాయలకి లెక్కలు చెప్పుకో, బండి సంగతి నాకొదిలెయ్" అన్నాడు.

నేను వదిలేశాను. తెలివితక్కువదాన్ని, వదిలేశాను. అదీ గాక, ఒక మాట నన్ను మోసం చేసింది. మా దిక్కున పాత ఆయిల్ దించేసి కొత్తది నింపినా "ఆయిల్ పోయించినా" అంటారు, తగ్గిన కాడికి పైన కాస్త పోసినా "ఆయిల్ పోయించినా" అనే అంటారు. దసరా దసరాకీ ఆయన పోయించినా అంటే, కనీసం ఏడాదికోసారైనా మారుతోందని నేననుకున్నాను. మూడు దసరాలు అలాగే నమ్మాను.

రెండేళ్ల కిందట, ఎండలు ముదరకముందు ఒక సోమవారం పొద్దున బడికి పోతున్నాను. దుత్తలూరు ఇంకా నాలుగైదు కిలోమీటర్లుందనగా డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. నూనె చెంబు బొమ్మ. ఆ లైటు వెలిగితే వెంటనే ఆపెయ్యమని పుస్తకంలో ఉంది. వెంటనే ఆపాను. ఇంజన్ కట్టేశాను. కాసేపు ఆగి, కొంగు ముడుచుకుని, బానెట్ ఎత్తి కడ్డీ లాగి చూశాను. ఆయిల్ నిండుగా ఉంది. ఏమీ అర్థం కాక మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఆయిల్ ఉండాదా లేదా?" అన్నాడు.

"నిండుగా ఉండాది. లైటు మాత్రం వెలుగుతా ఉండాదండీ."

"ఆయిల్ ఉంటే ఇంకేంది? వైరు లూజై ఉంటది. తోలుకొని పో. దానికంతా భయపడితే కారెందుకు నీకు? అంగట్లో జనం ఉండారు, పెట్టెయ్."

తోలుకుని పోయాను. రెండు కిలోమీటర్లు కూడా పోలేదు. తిరగట్లో గులకరాళ్లు పడ్డట్టు చప్పుడు మొదలైంది, ఆ వెంటనే బండి ఒక్క కుదుపు కుదిపి నిలిచిపోయింది. ఇంజన్ పట్టేసింది. ఇంక అది తిరగలేదు.

సాయంత్రానికి ఊరంతా కథ తెలిసిపోయింది. అయితే అది నా కథ కాదు. "ఎర్ర లైటు వెలుగుతా ఉంటే ఆపకుండా తోలింది మా ఇంటామె" అని అంగట్లో యూరియా బస్తాల మీద కూర్చున్న వాళ్లందరికీ మా ఆయన చెప్పాడు. "ఆడోళ్ల చేతికి బండిస్తే ఇంతే" అని వాళ్లు నవ్వారు. నేను ఆపిన మాట లేదు. ఫోన్ చేసిన మాట లేదు. ఇంటికొచ్చి మేకుకు తగిలించిన తాళం చెవి, బీరువాలోని రెండోదీ తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇంక నువ్వు తోలబాక. బస్సులో పో" అన్నాడు.

నలుగురిలో ఆయన పరువు తియ్యడం ఎందుకని నోరు మూసుకున్నాను. నా పరువు తీసేటప్పుడు ఆయనకు ఆ ఆలోచన లేకపోయింది. మూడు వారాలు ఆన్సర్ పేపర్ల సంచీ భుజాన వేసుకుని, బస్సులో కడ్డీ పట్టుకుని వేలాడుతూ పోయాను.

కారును ఆత్మకూరులో ఒక షెడ్డుకు లాగించాం. ఇంజన్ విప్పాక ఆదివారం ఇద్దరినీ రమ్మన్నాడు మెకానిక్. గడ్డం నెరిసిన సాయిబు, మాట తక్కువ మనిషి. ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని తెచ్చి మా ముందు పెట్టాడు. అందులో కాటుకలాంటి నల్లటి ముద్ద. ఆయిల్‌ను పైకి లాగే జాలీకి అదే ముద్ద పట్టి మూసుకుపోయింది. తొట్టి నిండా ఆయిల్ ఉన్నా, పైకి ఎక్కే దారి లేదు.

"ఆయిల్ ఎప్పుడు మార్చినారు సార్?" అన్నాడు.

"ప్రతి దసరాకీ పోయిస్తా ఉండా."

"పోయించేది కాదు సార్ నేనడిగేది. కింద నట్టు విప్పి పాతది దించినారా?"

మా ఆయన నసిగాడు. "మంచి ఆయిల్‌ని ఎందుకు పారబొయ్యాల? తగ్గిన కాడికి పోయిస్తా ఉండా."

మూడేళ్లు! మూడేళ్లు ఒక్క చుక్క దించలేదు!

మెకానిక్ నిట్టూర్చాడు. "లైటు వెలిగినప్పుడు ఆపేసి, బండిని లాగించుకొని వచ్చుంటే ఇంజన్ దక్కేది సార్."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "అదే భాయ్ నేను మొత్తుకునేది! ఈమె ఆపలే!"

అప్పుడు తెగింది నా ఓర్పు. "నేను ఆపినాను! బానెట్ ఎత్తి చూసినాను, ఫోన్ చేసినాను. తోలుకొని పొమ్మన్నది నువ్వు! మార్చకుండా పోసింది నువ్వు! ఊరంతా నన్ను ఆడిపోసుకునేట్టు చేసింది నువ్వు!"

పదహారేళ్ల కాపురంలో ఆయనను నేను ఎన్నడూ "నువ్వు" అనలేదు. ఒక్క ఊపిరిలో మూడుసార్లు అన్నాను. షెడ్డులో స్పానర్ల చప్పుడు ఆగిపోయింది. మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, తొట్టి వైపు చూస్తూ అన్నాడు: "అమ్మ తోలినందుకు పోలే సార్. మీరు పోసినందుకు పోయింది."

నేను మా ఆయన ముందు చెయ్యి చాపాను. ఆయన అటూ ఇటూ చూసి, జేబులోంచి రెండు తాళం చెవులూ తీసి ఇచ్చాడు.

బస్సులో ఉదయగిరికి తిరిగొచ్చాం. ఇంట్లో కాలు పెట్టగానే మా ఆయన అడిగాడు. ఇంజన్ గురించి కాదు, ఫోన్ గురించి కాదు, అంగట్లో తన నోటితో అన్న మాటల గురించి అసలే కాదు.

"ఆ సాయిబు ముందర నన్ను నువ్వంటావా?"

"లైటు వెలగ్గానే నేను ఆపినానని, నువ్వే తోలమన్నావని అంగట్లో ఆ బస్తాల మీద కూర్చున్నోళ్ల ముందర చెప్పు. ఆరోజు నుంచి మళ్లీ మీరు అంటా" అన్నాను.

ఇంజన్ బాగయింది. ఇప్పుడు ఏడువేల కిలోమీటర్లకే ఆయిల్ మార్పిస్తున్నాను. నట్టు విప్పి పాతది చివరి చుక్క దాకా దిగేంతవరకు పక్కనే నిలబడతాను. రెండు దసరాలు పోయాయి. మా ఆయన ఇంకా అంగట్లో ఆ మాట చెప్పలేదు. నేను ఇంకా నువ్వనే పిలుస్తున్నాను.