రెండు మేకలు చేతిలో ఉండగా

2023 వానాకాలం నాటికి నేను ఆళ్లగడ్డలో లైబ్రేరియన్‌గా చేరి పద్నాలుగేళ్లయింది. ఒక దాత తన పాత గోదామును బాగు చేయించి పెట్టిన చిన్న గ్రంథాలయం అది. పగలంతా పోటీ పరీక్షల పిల్లలు, సాయంత్రం పేపర్ల కోసం పెద్దవాళ్లు. నవలల బీరువా తాళం వారానికి రెండుసార్లు తీస్తే గొప్ప.

ఆ రోజుల్లో శామ్యూల్ సార్ తన నవల నాలుగు ప్రతులు తెచ్చి ఇచ్చారు. ఆయన నంద్యాలలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరైన మనిషి. నవల పేరు ‘పదిహేను మేకలు’, సైన్స్ ఫిక్షన్. మూడు వందల ఏళ్ల తర్వాత రెండు గ్రహాల మధ్య నీళ్ల తగాదా వస్తుంది. యుద్ధం వద్దనుకుని పులి-మేక ఆటతో తేల్చుకోవాలనుకుంటారు. నీళ్లున్న గ్రహానికి మూడు పులులు, ఎండిన గ్రహానికి పదిహేను మేకలు. మేకల వైపు ఆడేది సువార్త అనే ఇరవై ఏళ్ల అమ్మాయి. పులులను కదలకుండా కట్టేస్తే నీళ్లు వస్తాయి, ఓడిపోతే ఆమె గ్రహంలో అందరూ దాహంతో పోవాల్సిందే.

రెండో ముద్రణ వేస్తున్నానని, వెనక అట్ట మీదికి పాఠకుల అభిప్రాయాలు రాయించి పెట్టమని సార్ అడిగారు. నంద్యాలలో ఒక స్కూలు హాల్లో సభ కూడా పెట్టుకున్నారు. నేనొక రిజిస్టరు తెరిచాను.

అభిప్రాయాలు వచ్చాయి. శనగ పండించే రైతు ఒకాయన, నీళ్ల పంచాయితీకి ఇంజనీరును పిలవాలి గానీ ఆటగత్తెను పిలుస్తారా అని రాశాడు. గ్రూప్-2కి చదివే కుర్రాడొకడు, ఇందులోంచి ప్రశ్నలు వచ్చే అవకాశం తక్కువ అని తేల్చాడు. ఒక టీచరమ్మ సువార్తకు పెళ్లి సంబంధం చూడనందుకు నొచ్చుకుంది. మిగిలినవాళ్లు ‘అద్భుతం’, ‘అమోఘం’ అని సంతకాలు పెట్టారు.

ఓబులేసు ఈ వరసలో మనిషి కాదు. అహోబిలంలో యాత్రికులను కొండ మీది ఎగువ గుడికి చేర్చే జీపు నడుపుతాడు. ట్రిప్పు దొరికేదాకా డ్రైవర్లంతా చెట్టు కింద బండ మీద పులి-మేక ఆడుకుంటారట. అట్ట మీద ఆ ఆట గీతల పటం చూసి పుస్తకం తీసుకుపోయాడు. పదిహేను రోజుల గడువు అయిపోతే రెన్యువల్, అంటే అదే పుస్తకానికి మళ్లీ గడువు, చేయించుకున్నాడు. అట్లా రెండుసార్లు. మూడోసారి వచ్చి రిజిస్టరు అడిగి, నిలబడే రాసి, కింద పేరు పెట్టి వెళ్లాడు.

‘నూట నలభయ్యో పేజీలో పాప చేతిలో ఇంకా రెండు మేకలు ఉండాయి. అయినా పటం మీది మేకను జరిపింది. అది తొండి. పదిహేనూ దించినాకనే జరపాల. ఆట చెల్లదు. నీళ్లు రావు.’

నేను రెండుసార్లు చదివాను. నవలంతా ఆ ఒక్క ఎత్తు మీదే నిలబడి ఉంది. సార్ అప్పటికే మూడుసార్లు ఫోన్ చేసి, ఎవరేం రాశారమ్మా అని చిన్నపిల్లాడిలా అడిగారు. బాగా ఆలోచించి, రిజిస్టరులో అతను రాసిన పేజీని పక్క పేజీతో కలిపి గుండుసూది గుచ్చాను. అంత దగ్గరగా ఎవరు చూస్తారులే అనుకున్నాను.

సభలో అభిప్రాయాలు చదవాల్సింది నేనే. కానీ సార్ ఉత్సాహం పట్టలేక రిజిస్టరు నా చేతిలోంచి తీసుకున్నారు. రైతు మాటకు నవ్వారు, టీచరమ్మ మాటకు తల ఊపారు. ఇంకో పేజీ తిప్పి, కాగితాలు అతుక్కున్నాయనుకుని గోరుతో విడదీయబోయారు. సూది ఆయన వేలికి గుచ్చుకుంది.

సార్ మనసులో చదువుకున్నారు. తర్వాత, ఎందుకో మరి, మైకులో పైకి చదివారు.

“ఈ ఓబులేసు ఎవరప్పా? వచ్చినాడా?”

చివరి వరసలో ఖాకీ చొక్కా మనిషి లేచి నిలబడ్డాడు. గ్రంథాలయం తలుపు మీద నేనే అంటించిన ఆహ్వానం చూసి వచ్చాడట.

“అది మూడు వందల ఏండ్ల తర్వాతి ఆటప్పా. నియమాలు మారింటాయి,” అన్నారు సార్.

“మారితే పులోళ్లకు గూడా తెల్సుండాల గద సార్? వాళ్లు ఊరికే ఎట్ల కూర్చున్యారు?”

ముందు వరసలో ఎవరో నవ్వారు. సార్ ముఖం ఎర్రబడింది. ఓబులేసు మాత్రం నవ్వలేదు. వారం రోజులుగా డ్రైవర్లంతా కలిసి ఆ పాపను తొండి లేకుండా గెలిపించాలని చూస్తున్నారని, ఎట్లా ఆడినా నాలుగెత్తుల్లో పులి మేకను తింటోందని చెప్పాడు.

“ఆ జనం నీళ్లు లేక సచ్చిపోతారు సార్. మీరే యాదన్నా దోవ చూపిస్తారని వచ్చినా.”

సార్ మైకు పక్కన పెట్టారు. తర్వాత సుద్దముక్క తెప్పించి, వేదిక మీదే నేల మీద పటం గీసి, ప్యాంటు మడతలు సర్దుకుని కూర్చున్నారు. ఓబులేసు జేబులోంచి గులకరాళ్లు తీశాడు. సార్ మేకలు ఆడి ఓడిపోయారు. ఓబులేసు మేకలు ఆడి ఓడిపోయాడు. సభలో వాళ్లు ఒక్కొక్కరే వేదిక ఎక్కి చుట్టూ చేరారు. ముఖ్య అతిథి ప్రసంగం కాగితం జేబులో పెట్టుకుని మేకల పక్షాన సలహాలు ఇవ్వసాగారు. అన్నీ తప్పుడు సలహాలే.

రెండు గంటలకు తేలిందేమిటంటే, తప్పు నూట నలభయ్యో పేజీలో కాదు, తొంభయ్యో పేజీలోనే మొదలైంది. అక్కడ సువార్త ఒక మేకను మూల మీద దించింది. దాన్ని నడి గీత మీద దించితే తర్వాత తొండి అవసరమే లేదు. మూడో పులి కూడా కట్టుబడినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

వెళ్లేటప్పుడు నన్ను పక్కకు పిలిచారు.

“సూది నువ్వే పెట్టినావామ్మా?”

“నేనే సార్. మీరు బాధపడతారని.”

“బాధపడినాను. అయినా అభిప్రాయం అడిగింది నేనే గదమ్మా.” ఆగి, కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు అన్నారు: “అద్భుతం అని రాసినోళ్లలో ఒక్కరు గూడా ఆ పేజీ దాకా పోయినట్టు లేరు, చూసినావా?”

నిజమే. ఆ తప్పు చూడాలంటే నూట నలభై పేజీలు చదవాలి. దాన్ని సరిదిద్దాలని వారం రోజులు కూర్చోవాలంటే ఆ గ్రహం మీది జనాన్ని నిజమని నమ్మాలి. ఆ నవలను నమ్మిన పాఠకుడు ఒక్కడు దొరికితే, నేను వాణ్ణి గుండుసూదితో మూసిపెట్టాను.

రెండో ముద్రణలో తొంభయ్యో పేజీ మారింది. వెనక అట్ట మీద సార్ ఒక్క అభిప్రాయమే వేయించారు: ‘ఇప్పుడు చెల్లుతుంది – ఓబులేసు, జీపు డ్రైవరు, అహోబిలం.’

అప్పటినుంచి ఎవరైనా పుస్తకంలో తప్పుందని వస్తే ముందు కుర్చీ వేస్తాను. బాగుందని వస్తే ఎంతవరకు చదివారని అడుగుతాను. ఈ ప్రశ్న మొదలుపెట్టాక మా గ్రంథాలయంలో అద్భుతమైన పుస్తకాలు బాగా తగ్గిపోయాయి.