నీళ్లన్నీ గోదావరికే పోయే అడవి

నా చిన్నప్పుడు మా ఊళ్లో తప్పిపోవడమంటే కాని పని. మాది జనగామ దిక్కున, రఘునాథపల్లి దగ్గరి పల్లె. అక్కడ వాగు వెంట నడిస్తే చెరువు వస్తుంది, చెరువు కింద ఊరు ఉంటుంది. ఆ చెరువు అలుగు నీళ్ల వెంట పోతే ఇంకో చెరువు, దాని కింద ఇంకో ఊరు. నీళ్ల వెంట పోతే మనుషులు దొరుకుతారన్నది మాకు ఎవరూ నేర్పని చదువు. ఆ చదువే నన్ను ఒకనాడు ముంచింది.

ఆ ఏడు మా అమ్మను హన్మకొండ దవాఖానలో చేర్పించారు. నన్ను భూపాలపల్లి అవతల అడవిలో ఉండే మా మేనత్త ఇంట్లో దించారు. మామయ్య అడవి కాపలాదారు, డ్యూటీకి పోతే వారమైనా రాడు. రిజర్వు అడవి అంచున ఒంటరి ఇల్లు. మా దిక్కున ఎటు తిరిగినా ఏదో ఒక గుట్ట కనబడి ఊరు ఎటో చెబుతుంది. ఇక్కడ టేకు చెట్లు, నల్లమద్ది చెట్లు. తలెత్తితే ఆకాశం కూడా ముక్కలు ముక్కలే. అమ్మ ఎప్పుడు వస్తుందని అడిగితే మా బాపు "రేపో మాపో" అని బస్సెక్కాడు. పెద్దవాళ్ల రేపుల మీద నాకు అప్పటికే అనుమానం. ఆ రేపు ఎంతకీ రాకపోయేసరికి అమ్మ దగ్గరికి నేనే పోదామనుకున్నాను.

ఒక పొద్దున అత్తమ్మ చేన్లో ఉండగా వాగు పట్టుకుని నడిచాను. చెరువు రాలేదు. ఊరూ రాలేదు. వాగు వెడల్పయింది, చెట్లు ఒక్కసారిగా అయిపోయాయి, ముందర అంతా ఇసుక. దాని వెనుక గోదావరి. అవతల నీలంగా మహారాష్ట్ర కొండలు. అమ్మా అని అరిచాను. ఆ అరుపు ఎటు పోయిందో, దేనికీ తగల్లేదు. అంత పెద్ద చోటులో మనిషన్నది నేనొక్కదాన్నే.

అత్తమ్మ ఎప్పుడు వచ్చిందో చూడలేదు. పక్కన ఇసుకలో కూలబడింది. తిడుతుందనుకున్నాను.

"చెరువొస్తదనుకున్నవా?"

తలూపాను.

"నేను గూడ గట్లనే అనుకున్న, పెండ్లయిన కొత్తల. గీ ఇసుకలనే కూసోని ఏడ్చిన."

"మామ తిట్టలేదా?"

"ఆయనకు తెలిస్తే గద! పొద్దుగూకేసరికి ఇంటికి పోయి బువ్వ వండిన."

అందుకే ఎవరినీ అడగకుండా నేరుగా ఇక్కడికి వచ్చిందన్నమాట. కొంగుతో నా ముక్కు తుడిచి, ఈ అడవిలో ఏ వాగు పట్టినా గోదారికే తెస్తుందని, జనగామ దిక్కు పోవాలంటే నీళ్లకు ఎదురు నడవాలని చెప్పింది. తర్వాత, నేను అడగకముందే, "మీ అమ్మ ఎన్నడొస్తదో నాకు తెల్వది బిడ్డా. రేపొస్తదని నేను అనను" అంది. నాకు అప్పటిదాకా దొరికిన రేపులన్నిటికంటే ఆ 'తెల్వది' అన్న మాటే ఆసరా అయింది. ఆ రాత్రి కడుపు నిండా తిన్నాను.

వానలు వెనకపట్టాక అమ్మ వచ్చింది. చిక్కిపోయి ఉంది, కానీ తన కాళ్ల మీద నడిచి వచ్చింది. మమ్మల్ని బస్సెక్కించి అత్తమ్మ చెట్లలోకి తిరిగి నడిచింది. బస్సు వెనక అద్దంలోంచి ఆమె చీర రంగు కాసేపు కనబడింది, తర్వాత అడవే. నా కోసం మనిషి వచ్చింది. ఆమె కోసం ఆ బస్సు దిగిందెవరు? ఇంటికి పోయాక బాపును అదే అడిగాను. "ఆమెకేంది, ఆమె ఇంట్ల ఆమె ఉన్నది" అన్నాడు.

ఆ మాటతో నేను ఇప్పటికీ కొట్లాడుతూనే ఉన్నాను. జనగామలో మా వాడకు ఏ కొత్త కోడలు వచ్చినా, "మళ్ల మీ అవ్వగారింటికి ఎన్నడు పోతవ్?" అని పుట్టింటి సంగతి అడుగుతాను, అత్తగారు వినేటట్టే. చదువెక్కువై ఈమె నోరు పెద్దదయిందంటారు. అననీ. ఆ పిల్ల నోట, పోయే రోజని ఒక వారమో, పండుగో బయటికి వచ్చేదాకా నేను వాళ్ల గడప దగ్గరినుంచి కదలను.